గరుకు

హైడ్రాలిక్స్ ల్యాబులో కాలువకు గాజు గోడలు.
యాకూబ్ పాషా పంపు వేస్తే
ముందు ఒక దగ్గు, ఆ తర్వాత నీళ్ళు.
"ఇరవై ఆరేండ్ల సంది ఇవే నీళ్ళు," అంటాడు,
"కిందికి పోతయి, మళ్ళ పైకొస్తయి,
ఒక్క పొలం మొకం చూడలే పాపం."

ఆ గాజు మీద ఎన్ విలువ సున్నా పాయింట్ సున్నా ఒకటి.
ఎన్ అంటే గరుకు. నీళ్ళ కాళ్ళకు అడ్డం పడేదంతా.
ఎంటెక్ మొదటి ఏడాది పొడుగూతా
గరుకు లేని నీళ్ళకు లెక్కలు కట్టి
మంచి గ్రేడు తెచ్చుకున్నాను.

రెండో ఏడాది బయటికి తోలారు.
హన్మకొండలో పరకాల బస్సెక్కి
ఒళ్ళో పెట్టుకున్నది కరెంట్ మీటరంటే
"కరెంటాఫీసా మేడం, మా బిల్లు చూడుండ్రి," అన్నాడు కండక్టరు.
దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే మొగిలికుంట కట్ట.
మట్టి కాలువ, కొద్దిగా గడ్డి: సున్నా పాయింట్ సున్నా మూడు.
గడ్డి బలిస్తే సున్నా పాయింట్ సున్నా నాలుగు.
పట్టికలో ఆ రెండు గళ్ళ మధ్య ఎక్కడో నా డిగ్రీ.

నీరటి ఓదెలు వెంట నడిచాడు,
భుజాన పార, కాళ్ళకు ఆరిన బురద.
"ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?"
నీళ్ళెంత తొందరగా పోతున్నయో.
"తొందరెందుకు వాటికి?"
అది నా సిలబస్‌లో లేదు.

ఈడ తుంగ, అన్నాడు.
ఈడ గొడ్లు దిగే జాడ, నీళ్ళు మెలిక తిరుగుతయి చూడు.
ఎవరో పారేసిన స్కూలు బ్యాగు, జిప్పు దాకా ఒండ్రు.
తర్వాత నాలుగు బండలు, అడ్డంగా, ఒద్దికగా.
"ఇవి నేనే పెట్టిన.
ఈడ జరంత ఆగి లేవకపోతే
మిట్టకున్న మావోళ్ళ మళ్ళకు ఎక్కయి."
ఎప్పుడూ నాలుగేనా?
"వానను బట్టి."
నోటుబుక్కులో రాసుకున్నాను: వానను బట్టి.
బస్సులో కొట్టేశాను. దానికి యూనిట్లు లేవు.

జూలైలో మత్తడి దుంకిన రాత్రి
నా సెన్సరు పన్నెండూ నలభైకి ఆఖరి అంకె చెప్పి
మునిగిపోయింది.
గ్రాఫు మధ్యలో నాలుగు గంటల తెల్లటి గండి.
"గీత గీసి కలిపెయ్యమ్మా," అన్నారు గైడు సారు,
కళ్ళజోడు తుడుచుకుంటూ, చెడ్డ మనిషేం కాదు,
"అందరూ చేసేదే."

మళ్ళీ పరకాల బస్సు.
ఓదెలు తూము దగ్గర నిలబడి చెప్పాడు:
"ఒంటిగంటకు రెండో రాయి మునిగింది.
మసీదుల మైకు మోగేటాలకు నా నడుముకొచ్చింది."
నువ్వెక్కడున్నవ్ అప్పుడు?
"ఈన్నే. బస్తాలేస్తున్న."
సరిగ్గా అక్కడే నిలబడమన్నాను.
మడమ నుంచి మొలతాడు దాకా టేపు పట్టాను.
చక్కిలిగిలైతుందని నవ్వాడు, కదలొద్దంటే
ఊపిరి బిగబట్టాడు.
తొంభై ఎనిమిది సెంటీమీటర్లు.
ఆ చుక్క పెట్టాక గ్రాఫు లేచింది,
గీత గీస్తే ఎన్నటికీ దొరకని చోటికి.

వైవాలో బయటి ప్రొఫెసరు వేలు అక్కడే ఆగింది.
ఈ రీడింగు ఎక్కడిది?
"స్థానిక గేజు సార్," అన్నాను.
తలూపి పేజీ తిప్పాడు.
ఫుట్‌నోటుకు కింద రెండు లైన్ల చోటుంది.
మాట నాలిక దాకా వచ్చి
నునుపు మీద జారినట్టు జారింది.

నల్ల అట్ట, బంగారు అక్షరాలు, మూడు కాపీలు.
ఒకటి సంచిలో పెట్టుకుని పోయాను.
పేరు ఎక్కడుందని ఓదెలు అడగలేదు,
అడిగితే బాగుండేది.
చేతులు లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు,
తెరవలేదు, అటూ ఇటూ తిప్పి
బండను చూసినట్టు బరువు చూశాడు.
"గట్టిగనే ఉన్నది," అన్నాడు,
"నీళ్ళకు కొట్టుకపోదు."