మరొకరు వచ్చేదాకా

నరీన్ నుంచి ఎర్మెక్‌బాయ్ జీపులో తెచ్చిన మనిషికి
నడుం కింద ఏమీ లేదు.
బడి ఆటల గదిలో చాప మీద పడుకోబెట్టాడు.
గుండె మీద నొక్కితే లోపల ఎక్కడో టక్కుమంటుంది.
"టక్కుమనేదాకా నొక్కాలి. నిమిషానికి నూరుకు తగ్గకుండా."
నేను బడి పొయ్యిలో బొగ్గు వేసేదాన్ని.
పేరడిగి కాగితం మీద రాసుకున్నాడు:
బురుల్‌సున్, ఎనిమిదో తరగతి.

మొదటి మెట్టు అంబులెన్సుకు ఫోన్ చేయడం, అన్నాడు.
మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
మా కిర్గిజ్ కొండల్లో, మా ఊళ్ళో, సిగ్నల్ అందేది శ్మశానం గుట్ట మీదే,
అదీ తోక్తోసున్ తాత సమాధికి ఎడంపక్క నిలబడితేనే.
అతను బోర్డు మీద ఆ మెట్టు కొట్టేసి
"గుర్రం ఎవరిది దగ్గర?" అని రాశాడు.
ఆ కొట్టివేతతోనే అతని మీద నాకు గురి కుదిరింది.

జూరాకన్ అవ్వ వంతు వచ్చింది.
అరవై వేసవులు తోలుసంచిలో గుర్రప్పాలు చిలికిన చేతులు.
మోకాళ్ళు కటకటమంటుండగా కూర్చుని మొదలెట్టిందా,
టక్ టక్ టక్, గోడ గడియారం సిగ్గుపడాలి.
"ఆపకూడదు," అన్నాడు ఎర్మెక్‌బాయ్, "మరొకరు వచ్చేదాకా."
అవ్వ ఆపకుండానే తలెత్తింది:
"మరొకరంటే ఎవరు నాయనా?"
అందరం నవ్వాం.
ఆ నవ్వు తొందరగా అయిపోయింది.

వసంతం దాకా బొమ్మ మాకు అరువు.
సగం మనిషిని చలిలో చూడలేక ఆడవాళ్ళు
పాత ఉన్ని కంబళి కత్తిరించి కాళ్ళు కుట్టారు.
ఒక కాలు పొడుగొచ్చింది.

జనవరి పదిహేడు. కనుమ మూసుకుపోయింది.
ఆ దారి తెరిచేవాడు కెంజెబెక్ ఒక్కడే.
మంచు తోసే ట్రాక్టర్ అతనిది, తాళంచెవి అతని బెల్టుకే.
ఆ కెంజెబెకే డీజిల్ పోస్తూ పోస్తూ కూలబడ్డాడు.
డబ్బా దొర్లింది. మంచు పసుపెక్కింది.

ఎవరూ అరవలేదు.
ఇది ఎక్కడైనా రాసి ఉండాలి, ఎవరూ అరవలేదని.
గుర్రం గుట్టెక్కింది.
నేను మోకాళ్ళ మీద పడ్డాను.
బొమ్మ చెప్పని సంగతి ఒకటుంది:
పక్కటెముక విరిగితే ఆ చప్పుడు
చెవికి కాదు, మణికట్టుకు వినిపిస్తుంది.
ఆపబోయాను.
వెనక నుంచి అవ్వ చిలుకుడు లెక్క వదల్లేదు.
నా చేతులు మళ్ళీ ఆ లెక్కలో పడ్డాయి.

పదో తరగతి అసిల్‌కాన్ అతని బెల్టు నుంచి తాళంచెవి విప్పుకుని
ట్రాక్టరెక్కింది. ఎవరు నేర్పారని అప్పుడు అడగలేదు.
కెంజెబెకే నేర్పాడట, వాళ్ళమ్మకు తెలియకుండా.

వంతులు మారాం.
లెక్కల మాస్టారు, ఇద్దరు గొర్రెల కాపరులు,
రొట్టెల పిండి చేతులకే ఉన్న గుల్‌బారా,
ఒక కంచె తగాదాతో ఏడేళ్ళుగా అన్నతో మాటల్లేని తమ్ముడు.
తమ్ముడు తన వంతు అయినా లేవలేదు.
లాగాల్సి వచ్చింది.

డాక్టరు గుట్ట మీద ఉన్నాడు, ఫోనులో సన్నని గొంతుగా.
మా ప్రశ్న గుర్రమెక్కి పైకి పోయేది,
జవాబు గుర్రమెక్కి కిందికి వచ్చేది.
మధ్యలో మేం నొక్కుతూనే ఉన్నాం.
గంటా పది నిమిషాల తర్వాత వచ్చిన జవాబు:
చాలు. ఆపండి.
గుర్రం నోట నురగ. తెచ్చిన కుర్రాడు
దిగకుండానే ఆ మాట చెప్పి, మెడ మీద వాలిపోయాడు.

చీకటి పడ్డాక, అసిల్‌కాన్ తెరిచిన దారిలో
అంబులెన్సు ఆమె వెనకే వచ్చింది.

వసంతంలో ఎర్మెక్‌బాయ్ బొమ్మ కోసం వచ్చాడు.
కాగితం తీశాడు. 'ఫలితం' అన్నచోట
అవును, కాదు, రెండే గళ్ళు.
కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు.
"పదకొండు మంది వచ్చారని రాయి," అంది అవ్వ.
గడిలో పట్టలేదు. పక్కన అంచు మీద రాశాడు.

జీపు తలుపు సరిగా మూతపడలేదు.
పొడుగు కాలు బయటికి వేలాడుతూ
మలుపు దాకా కనిపించింది.