ఐదుకి ఎంత

భువనేశ్వర్ నుంచి ఫారం వచ్చింది.
పదకొండు పేజీలు. ఒక వైపు ఒడియా, ఒక వైపు ఇంగ్లీషు.
నేను తెలుగులో తల గోక్కుంటున్నాను.

ప్రమాదం పేరు రాయాలి.
జరిగే అవకాశం ఐదుకి ఎంత,
జరిగితే నష్టం ఐదుకి ఎంత,
రెండూ హెచ్చవేసి చివరి గడిలో వెయ్యాలి.
మా నాన్న బరంపురం పట్టు కొట్లో గుమస్తా.
ఆయనకైతే ఈ లెక్క నోటితోనే తేలిపోయేది.

మొదటి గడి: ఇరుకు దారి.
దేవాంగుల సందులోకి మా బండి పోదు.
మూల మీద ఆపి, గొట్టం భుజాన వేసుకుని
పరిగెత్తుతాం.
అరుగుల మీద ముసలమ్మలు కాళ్లు ముడుచుకుని దారిస్తారు.
ఒకసారి ఒకావిడ గొట్టం దాటి బయటికి రానంది,
నీళ్లని దాటకూడదట.
నిప్పు ఆవిడ ఇంట్లోనే.

రెండో గడి: పొగ.
ఊపిరి సిలిండర్లు రెండు, మనుషులం ఐదుగురం,
కాదు, నలుగురం.
అప్పడాల గోదాములో నూనె అంటుకున్న రాత్రి
వంతులేసుకుని తొడుక్కున్నాం,
ఒకే కోటు తొడుక్కుని అన్నదమ్ములందరూ
ఫొటో దిగినట్టు.

మూడు: శబ్దం.
లింబరాజుకి ఎడమ చెవి పోయి మూడేళ్లు.
పంపు మోటారు పక్కన నిలబడటం వాడి డ్యూటీ.
పెళ్లాం తిట్లు సగమే పడుతున్నాయని నవ్విస్తాడు.
కుడి చెవి సంగతి మాకు చెప్పలేదు.
మేమే గొంతులు పెంచుకున్నాం.

నాలుగో దానికి పేరు దొరకలేదు.
ఛత్రపురం అవతల మొగలిపూల బట్టీ పేలిన రోజు
రాగి డేగిసాలు ఎర్రగా కాలి
మంట కూడా పరిమళించింది.
ముక్కుకి గుడ్డ కట్టుకోవాలని ఎవరికీ తట్టలేదు.
ఇంటికెళ్తే మా అమ్మాయి చొక్కా వాసన చూసి
దీన్ని ఉతకొద్దు నాన్నా అంది.
ఆ రాత్రే దగ్గు మొదలైంది.
దగ్గుకి గడి ఉంది.
చొక్కాకి లేదు.

ఐదు: పాదరక్షణ.
నా బూటు అడుగు కరిగి ఒక పక్కకి ఒరిగింది,
తడి నేల మీద అడుగేస్తే మేజోడు తడుస్తుంది.
గోడ అరలో తొమ్మిదో నంబరు జత ఒకటుంది.
శనివారం శనివారం దుమ్ము తుడిచి
మళ్లీ అక్కడే పెడతాం.
నీలాంచల్‌వి.
ఎవరి కాళ్లకీ పట్టవండీ అని
తనిఖీకొచ్చిన ఆఫీసరుకి చెప్పాం.
నా నంబరు తొమ్మిదే.

తుపాను, తెగిన కరెంటు తీగ, జీడితొక్కల నూనె,
ఇవి గబగబా రాసేశాను.
అన్నిటికీ మూడు మూళ్లు తొమ్మిది.
మూడు వేస్తే ఎవరూ ఏమీ అడగరు.

చివరి పేజీ: సిబ్బంది అభిప్రాయం.
డ్రైవరు జగ్గు పాత్రో ఆవలించి
"రేప్పొద్దున్న రాద్దూ బాబూ" అన్నాడు.
లింబరాజు గుమ్మంలో కనబడితే గట్టిగా అరిచాను:
"ఐదుకి ఎంతరా?"
తలూపి బయటికి పోయాడు.

పావుగంటకి తీగబుట్టతో వచ్చాడు.
ఐదు టీలు.
"ఒకోటి పది. యాభై అయింది."

ఉన్నది నలుగురం.
లెక్క తప్పిందని ఎవడూ అనలేదు.
సుదాము ఒడియాలో ఏదో అనబోయి
టీ ఊదుకున్నాడు.
జగ్గు పాత్రో తన గ్లాసు తీసుకుని
బండి దగ్గరకి పోయాడు.

ఐదోది బల్ల మీద పొగలు కక్కుతోంది.
చల్లారకుండా
చివరి పేజీ మూత పెట్టాను.