బొటనవేలి అక్షరాభ్యాసం

ఆ బంతి అవుటే.
వదిలేస్తే తనంతట తనే పోయేది
గీతకి జానెడు అవతల.
పరిగెత్తాను.

షెనాయ్ నగర్ కోర్టుకి
ఏళుమలై అప్పుడే నీళ్లు కొట్టి వెళ్లాడు.
ఎర్రమట్టి ఒకచోట ఆరింది, ఒకచోట ఆరలేదు.
పాదం ఇటు తిరిగింది, నేను అటు తిరిగాను.
మధ్యలో ఏదో టప్పుమంది
పచ్చి చిక్కుడుకాయ తుంచినట్టు.

"అవుట్" అంది నెట్ అవతల నుంచి హేమలత.
ముందు బంతి సంగతి తేల్చేసి
ఆ తర్వాతే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.
తప్పు పట్టను. నేనైనా అంతే.

సాయంత్రానికి చీలమండ లేదు.
పిక్క నేరుగా పాదంలోకి దిగిపోయింది
సిమెంటు పైపులాగా.
గిలక ఎక్కడుందో వేలితో వెతికాను.
నొక్కిన చోట గుంట పడి
తీరిగ్గా, ఎవరికోసమూ తొందరపడకుండా, పూడింది.
ఫ్రిజ్‌లో ఐసు లేదు, బఠాణీల ప్యాకెట్టు ఉంది.
అది చుట్టించుకుని, రెండు దిండ్ల మీదెక్కి
కొత్త అల్లుడిలా కూర్చుంది కాలు.
నేను దాని పక్కన, పెళ్లివారి తాలూకు మనిషిలా.

ఎదురు ఫ్లాటు పర్వతం మామి
చింతపండూ కల్లుప్పూ ఉడికించి
పట్టు వెయ్యమని గిన్నెడు తెచ్చింది.
డాక్టరు వద్దన్నాడని ఆమెతో అనలేకపోయాను.
ఆ రాత్రి మా ఇంట్లో రసం.
కాస్త ఉప్పయింది.

మూడో రోజు నేరేడు రంగు.
ఆరో రోజు, దేనికీ పోల్చలేని ఒక ఆకుపచ్చ.
పదకొండో రోజుకి పసుపు.
పేరంటంలో ఎవరో ఒక్క కాలికే రాసి
మాటల్లో పడి రెండోది మర్చిపోయినట్టు.

ఫిజియో పిల్ల పేరు యాళిని.
"గాల్లో ఏబీసీడీ రాయండి మేడమ్, బొటనవేలితో,
మొత్తం ఇరవయ్యారూ" అంది.
రాశాను.
అన్నీ నిచ్చెనలూ గడకర్రలూ.
"మోకాలే కదులుతోంది, మడమ తిరగట్లేదు" అంది.

నాకు తెలుగు సరిగ్గా రాయడం రాదు.
బళ్లో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు,
తెలుగు వంటింట్లో మాట్లాడేది.
తొమ్మిదో ఏట, వేసవి సెలవుల్లో
పలక మీద మొదలుపెట్టిన అక్షరాలు
ఠ దగ్గరికి వచ్చేసరికి
బడి తెరిచారు.

పుస్తకానికి కాలు తగిలితే
కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని.
కాలితో అ రాయనా?
చుట్టూ చూశాను. కళ్లకద్దుకోవడానికి
గాల్లో ఏమీ లేదు.
రాశాను.

అమ్మో, ఆ అ ఒక్కటే చాలు.
ఇ కోసం పాదం మెలికలు తిరిగింది.
ఋ సగంలో చెమట పట్టింది.
క వచ్చాక తెలిసింది అసలు కష్టం:
ఒళ్లంతా గుండ్రంగా తిరిగి తిరిగి
చివర్లో తలకట్టు పెట్టాలంటే
వేలు చటుక్కున పైకి లేవాలి.
అక్కడే ఉంది నొప్పి, సరిగ్గా తలకట్టులో.
"ఇదేం భాష మేడమ్, తెలుంగా?
రోజుకి మూడుసార్లు ఇదే రాయండి" అంది యాళిని
తన కార్డు మీద ఏదో కొట్టేసి.

నాలుగో వారంలో ఠ దాటాను.
గుండ్రం లోపల చుక్క,
గీత లోపలే పడ్డ బంతిలాగా.
ఆ తర్వాతవి ఫోనులో చూసి నేర్చుకున్నాను,
మంచం మీద పడుకుని, కాలెత్తి, సీలింగు ఫ్యాను కింద.
ళ వరకూ వచ్చి ఓ రోజు ఏడ్చాను.
నొప్పికే అనుకున్నాడు మా ఆయన.
వెళ్లి బఠాణీలు తెచ్చాడు.

ఎనిమిదో వారం కోర్టులో నిలబడ్డాను
మడమకి నల్లటి పట్టీతో.
బేస్‌లైన్ వెనక మట్టి తడిగా ఉంది.
హేమలత రాకెట్టు పట్టీ సవరించుకునేలోగా
బూటు కొసతో ఒక బండి ఱ గీశాను,
పెద్దది, కొంచెం వంకర.

"కోలమా అమ్మా?" అన్నాడు ఏళుమలై.
అవునన్నాను.
తడి గోనె లాక్కుంటూ
దాని మీదుగా వెళ్లిపోయాడు.

అవతల హేమలత బంతి ఎగరేసింది.