కొమ్ము విరిగిన నంది

యాగంటి గుహ మెట్లు
మనిషి కాలు చూసి చెక్కినవి కావు.
ఒక్కో మెట్టుకీ మోకాలు గొణిగింది.
లోపల ఒక దీపం, గబ్బిలాల కంపు,
గోడ నిండా ఉలి గాట్లు.
తడిమితే
ఎవరో ఇప్పుడే బువ్వకు లేచిపోయినట్టుంది.

దిగొచ్చాక నీడంటే మాబున్ని అంగడే.
టార్పాలిన్ కింద నలభై నందులు,
అన్నిటిదీ ఒకే అచ్చు, ఒకే చూపు.

"ఆళ్లగడ్డ పనేనా?" అన్నాను, తెలిసినవాడిలా.
"యాడ ఆళ్లగడ్డ సామీ!
మద్రాసు పొడి, అచ్చులో పోసేది.
రాతిదైతే నువ్వు కొంటావా,
ఎత్తి సూసి, దింపి పోతావు."

సద్ది విప్పింది. కింద పడిన మెతుకులు
కాకులు రాని చోట
చీమలే పంచుకుంటున్నాయి.

"లోపలి బసవన్న ఏటేటా పెరుగుతాడంట కదా?"
"నేనీడ కూచుని ఇరవై రెండేండ్లు.
ఆయప్ప సంగతి నేను కొలిసి సూళ్లేదు.
మా ఆయన బేతంచెర్ల గనిలో
దినామూ రాయిని తగ్గిస్తా ఉన్నెడు.
ఆ దుమ్మంతా ఆయన రొమ్ములోన పెరిగె."
కొంగుతో ఒక నంది వీపు తుడిచి,
"నూటాయాభై. కొమ్ము ఇరిగింది ఎనభైకిస్తా."

ఇరిగిందే తీసుకున్నాను.
కొమ్ముముక్కను వేరే కాగితంలో చుట్టింది.
"అంటిచ్చుకుంటావో, అట్నే పెట్టుకుంటావో."

బనగానపల్లె బస్సులో చూసుకుంటే
ఒక అరచేతికి గుహ మసి,
రెండో దానికి నంది నల్లరంగు.
ఏది ఎన్నేళ్లదో
వాసన చూసినా తెలీలేదు.