ఏడో సెకండు

పలాస జీడిపప్పు డబ్బాలో వచ్చింది పుస్తకం,
సెట్టు పాత చీరలో చుట్టుకుని.
గేదెల పారినాయుడు గారి భార్య
రెండూ నా స్కూటీ ముందు పెట్టి
"సెట్టు పోతే పోనీ గానమ్మా, పుస్తకం జాగర్త.
నాతో కన్నా దాంతోనే ఎక్కువ మాటాడీవోడు" అంది.
నవ్విందో లేదో చూసే లోపే
నరసన్నపేట బస్సు మా మధ్య దుమ్ము లేపింది.

శ్రీకాకుళంలో, మేడ మీద గది.
పగలంతా పాలిటెక్నిక్‌లో
ఓమ్ నియమం చెప్పి సుద్ద అంటిన చేతులతో
మూత తీశాను.
వాల్వుల సెట్టు, నాకన్నా మూడేళ్లు పెద్దది.
పుస్తకానికి అట్ట లేదు,
అట్ట బదులు ఎవరిదో పెళ్లి శుభలేఖ,
వధువు పేరు పక్కన ఫ్యూజు నంబరు.

నిజం చెప్పాలంటే నాకు కాగితం మీద మోజు లేదు.
ఫోన్లో నూట పన్నెండు మాన్యువల్స్ ఉన్నాయి,
బరువు లేదు, చెద లేదు,
నలభై ఏడేళ్ల కళ్ల కోసం
రెండు వేళ్లతో సాగదీస్తే
రెసిస్టరు తన గాజుల రంగులన్నీ చూపిస్తుంది.
ఈ సెట్టుదీ దొరికింది ఐదు నిమిషాల్లో,
ఎక్కడో ఎవరో స్కాన్ చేసి వదిలిన ప్రతి.
ఇంకెందుకు పుస్తకం,
డబ్బాలో మినుములు పోసుకోవచ్చనుకున్నాను.

రెండిట్లోనూ ఒకటే మాట:
ప్లేటు నాబ్ తిప్పుతూ ముల్లు పల్లానికి దిగేదాకా చూడు,
పది సెకండ్లు మించకు.
పుస్తకంలో ఆ పది మీద అడ్డగీత.
పక్కన పెన్సిలుతో, వంకర రాతలో,
"పది కాదు, ఏడు. ఎనిమిదికి వాసనొస్తాది."

ఆ వాసన ఖరీదు తరవాతి పేజీలో ఉంది:
విశాఖ నుంచి కొత్త వాల్వు, ఎనిమిది వందల నలభై.
కింద వేరే సిరాతో, "ఇంట్లో చెప్పలేదు."

అప్పుడు మళ్లీ మొదట్నించి చదివాను, అంచులు మాత్రమే.
"ఈ బొమ్మలో తీగ తప్పు. జపానోడూ మనిషే."
"సముద్రం గాలి. ఉప్పు పట్టింది. స్పిరిట్‌తో తుడువు."
ఒక పేజీ మీద మూడు మైనం చుక్కలు,
"కరెంటు లేక నాలుగో రోజు. లారీ బేటరీ 11.2.
పొట్టిగా మాటాడాలి."
ఆ రాత్రి ఎవరితో ఏం మాటాడాడో లేదు.
అదీ పొట్టిగానే రాశాడు.

తీరా అలైన్‌మెంటు దగ్గరికి వచ్చేసరికి
ముప్ఫై తరవాత ముప్ఫై మూడు.
ఆకు ఎవరో చించారు,
మిగిలిన పీలిక మీద నూనె మరక.
బజ్జీ తిన్నవాడికేం తెలుసు
ఆ కాయిలుకి ఎన్ని చుట్లో!

ఫోను తెరిచాను, కొంచెం సిగ్గుపడుతూ.
ముప్ఫై ఒకటీ ఉంది, ముప్ఫై రెండూ ఉంది.
సాగదీస్తే మూలన ఏదో మరక.
మరక కాదు, బొటనవేలు.
పేజీ లేవకుండా నొక్కిపట్టిన వేలు,
గోరు కింద నలుపు,
కణుపు మీద సోల్డరింగ్ ఐరన్ కాల్చిన తెల్లమచ్చ.
నాకూ అక్కడే ఉంది అటువంటిది.
డెబ్భై పేజీలు ఒక్కొక్కటీ అలా పట్టుకున్నాడన్న మాట,
ఎవరూ అడగకుండానే.

ఏడు రోడ్ల దగ్గర జిరాక్సు కుర్రాడు
"ఈ వేలు తీసీమంటారా మేడమ్, ఒక్క నిమిషం" అన్నాడు.
వద్దన్నాను.
మైదా జిగురుతో అతికించాను.
శుభలేఖ కింద పుస్తకం లావెక్కింది,
ఇప్పుడు సరిగ్గా మూతపడదు.

రాత్రి తొమ్మిదిన్నర. నలభై మీటర్లు.
చాటలో పెసలు చెరుగుతున్నట్టు చప్పుడు.
నాబ్ మీద చెయ్యేసి పైకే లెక్కపెట్టాను,
ఒకటి, రెండు,
ముల్లు దిగుతోంది,
అయిదు, ఆరు,
పారినాయుడు గారూ, చాలా?
ఏడు.
చెయ్యి తీసేశాను.

ఆయన రాత కింద ఖాళీ కాస్తే మిగిలింది.
పెన్సిలు చెక్కి రాశాను,
"వాసన రాలేదు."