మూడు వాక్యాల మహనీయులు

నాలుగో తరగతి పిల్లలు ఇరవై ముగ్గురు
ఈ సాయంత్రం మైనపు బొమ్మలయ్యారు.
విల్లో ఫోర్క్ బడి జిమ్‌లో, బాస్కెట్‌బాల్ గీత వెంబడి
రెప్ప కొట్టకుండా నిలబడ్డారు.
ఒక్కొక్కరి కాళ్ల ముందు ఓ ఎర్రకాగితం బిళ్ల.
తొక్కితే బొమ్మకి ప్రాణం వస్తుంది,
మూడు వాక్యాలు చెప్పి మళ్లీ మైనమైపోతుంది.

ఆ బిళ్లలు కత్తిరించింది నేనే,
లైబ్రరీ బల్ల మీద,
కుంకుమ భరిణె మూత కొలతగా పెట్టి.
చివరి నాలుగూ సొట్టపోయాయి. బడి కత్తెర మొద్దుది.

'నెబ్రాస్కా మహనీయులు' అని గోడకి బ్యానరు,
ఒక మూల టేపు ఊడి.

తొక్కాను.
నేను డాక్టర్ ఐడా లిండ్‌క్విస్ట్‌ని, అంది థియా నొవాట్నీ,
వాళ్ల నాన్న తెల్లచొక్కా మోకాళ్లు దాటుతుంటే.
మంచు తుఫానుల్లో గుర్రబ్బండి తోలాను.
పదకొండు వందల మందికి పురుడు పోశాను.
నాలుగో వాక్యం ఒకటి ఉండేదేమో,
పెదవి కదిలి, టీచరు వైపు చూసి, ఆగిపోయింది.

తొక్కాను.
కరువేళ్లలోనూ గింజ పట్టే గోధుమ వంగడం తీసినాయన
మైనానికి దురద ఉండదన్న సంగతి మరిచి
ముక్కు గోక్కున్నాడు.

తొక్కాను.
సుడిగాలి ఊరి మీద పడ్డ రాత్రి
స్విచ్‌బోర్డు వదలకుండా నూటాఆరు ఇళ్లని నిద్ర లేపిన
హాటీ ద్వోరాక్ మాటలన్నీ మరిచిపోయి
"హలో... హలో..." అంటూ ఉండిపోయింది.
ఆ రాత్రి అసలు హాటీ కూడా
అంతకంటే ఏమంటుంది?

చివర్న ఓడెల్ క్రౌజ్.
దూదిమీసం చెమటకి ఓ పక్కకి జారింది.
నేను అగస్టస్ రీమర్‌ని.
ముళ్లతీగని ఒంటరి మనిషి బిగించగల మర చేశాను.
ఈ నేలకి అంచులు నా వల్లే వచ్చాయి.
వాళ్ల తాత చప్పట్లు కొట్టాడు.
ఆ మర ఇంకా ఆయన షెడ్డులో ఉందట, తుప్పు పట్టినా తిరుగుతుందట.

ఓడెల్ పక్కన జోలీన్ వుల్ఫ్. ఒమాహా తెగ పిల్ల.
నవంబరులో వచ్చి చేరింది,
అప్పటికే జాబితాలో పేర్లు పంచేశారు.
"పోనీ, నువ్వు రాష్ట్ర పక్షివి" అన్నారు.
పసుపు చార్టు రొమ్ము, మెడలో నల్ల రిబ్బను,
మెడోలార్క్.
ఆ పిల్ల బిళ్ల తొక్కితే వాక్యాలు లేవు,
ఈల ఒక్కటే, చివర కాస్త వంపు తిరిగి.

బొమ్మలు కదలకూడదు.
పక్షులకి ఆ నియమం ఎవరూ చెప్పలేదేమో,
జోలీన్ తన చోటు దిగి వచ్చి
ఓడెల్ బిళ్ల మీద కాలు పెట్టింది.
మూడు వాక్యాలూ విన్నది.
"ఆ తీగకి లోపల ఎవరు? బయట ఎవరు?"

నేను అగస్టస్ రీమర్‌ని, అన్నాడు ఓడెల్.
మళ్లీ తొక్కింది.
నేను అగస్టస్ రీమర్‌ని. ముళ్లతీగని ఒంటరి మనిషి...
మళ్లీ తొక్కింది.
'అంచులు' దగ్గర గొంతు జీరపోయింది.
మీసం నేల మీద పడింది.
కాసేపు జిమ్‌లో పాప్‌కార్న్ మిషను ఒక్కటే మాట్లాడింది.
జోలీన్ వెళ్లి తన చోట్లో నిలబడింది,
రెక్కలు సర్దుకుని, ఎవరూ తొక్కకుండానే
ఈల వేసింది.

అందరూ వెళ్లాక బిళ్లలు ఏరాను.
ఓడెల్‌ది సగం చిరిగింది, బూటు అచ్చుతో.
పారేయబుద్ధి కాలేదు, రిజిస్టరులో పెట్టాను.

సోమవారం పొద్దున, గంట కొట్టక ముందే,
లైబ్రరీ బల్ల దగ్గర ఓడెల్.
"లోపల ఎవరో, బయట ఎవరో ఏ పుస్తకంలో ఉంటుంది?"
కేటలాగు వెతికాను. కంచెల గురించి ఏడున్నాయి,
తీగ రకాల గురించి రెండు.
చిట్టచివరికి ఒక పాత మ్యాపుల పుస్తకం దొరికింది,
అట్ట ఊడింది, గీతలు గీయక ముందటి నదులు అందులో ఉన్నాయి.

పద్నాలుగు రోజుల గడువు.
ఇవాళ్టికి ఇరవై తొమ్మిదో రోజు.
నిన్న కిటికీలోంచి చూశాను: ఆ పుస్తకం మెట్ల మీద
ఇద్దరి మోకాళ్ల మధ్య తెరిచి ఉంది.
జరిమానా చీటీ రాయలేదు.