దుఖాన్‌కి ఒక్క ఫైలు

మొదటిసారి వెళ్ళినప్పుడు
నా ప్రోగ్రాం లేవనే లేదు.
తెల్ల డబ్బాలో ఒకే ముక్క: ఫలానా డి.ఎల్.ఎల్. కనబడలేదు.
పోర్టా క్యాబిన్‌లో ఏసీ కింద బకెట్,
బకెట్లో చుక్క.
బాలమల్లు తల గోక్కుని
"కనవడకుంటె ఏడికి వోతది మేడమ్, దేవులాడుదమా?" అన్నాడు.
కుర్చీ కిందికి కూడా వంగి చూశాడు,
నన్ను నవ్వించడానికి.

ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ లేదు. కంపెనీ ఇవ్వదు.
ఇసుక మాత్రం ధారాళంగా వస్తుంది.
కీబోర్డు మీద ఎనిమిది నొక్కితే కరకరమంటుంది.
ఆయన ఎక్కువగా నొక్కేది ఎనిమిదే.
రోజుకి ఎనిమిది గంటలు,
మూడొందల పన్నెండు మంది.

రెండోసారి ఆ డి.ఎల్.ఎల్.ని వెంటబెట్టుకుని వెళ్ళాను.
అది వాళ్ళన్న ఏడీ అంది.
మూడోసారి అన్నను తీసుకెళితే
ఫలానా వెర్షన్ వదిన రానిదే
గడప దాటనన్నాడు.
దోహా నుంచి పోను ఎనభై కిలోమీటర్లు, రాను ఎనభై.
దారి పొడుగునా ఒంటె బొమ్మ బోర్డులు.
ఒంటె ఒక్కటీ ఎదురుపడలేదు.

నాలుగో రాత్రి నజ్మాలో, నా గదిలో
అందర్నీ ఒకే మూటగా కట్టేశాను.
తేదీలు లెక్కించేవాణ్ణి, పట్టికలు గీసేవాణ్ణి,
ళ కింద ఒత్తు జారిపోకుండా పట్టుకునేవాణ్ణి,
దిర్హమ్‌లని గుండ్రం చేసేవాణ్ణి,
హిజ్రీ కేలండర్‌ని,
పైథాన్‌ని పైథాన్‌గానే.
నేను రాసినవి రెండొందల పదకొండు వరుసలు.
మూట తూకం అరవై నాలుగు ఎంబీ.
ఎయిర్‌పోర్టులో అట్టపెట్టెని కాటా మీద పెట్టి
పసుప్పచ్చ తాడుకింద దొంగగా చెయ్యి ఆనించే మనిషిలా
స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను.
ఇందులో నాది ఎంత?
పచ్చడి సీసా మూత మీద
మార్కర్‌తో రాసిన పేరంత.

లైసెన్సులు కూడా కట్టాలి, నియమం.
ఎవరెవరివో పేర్లు, ఏళ్ళు,
ఏ హామీ లేదని లావు అక్షరాలు.
ఊరికే ఇచ్చినవాళ్ళు ఇంకేం హామీ ఇస్తారు?
ఒకాయన అడుగున రాసుకున్నాడు:
వాడుకోండి, పనికొస్తే ఒక కార్డు ముక్క రాయండి.
రాయలేదు.
అప్పటికి మూడు దాటింది.

ఐదోసారి రెండు నొక్కులకే లేచింది.
బాలమల్లు ఓటీ పట్టీ మీద వేలు పెట్టి
పేరు పేరునా దిగుతూ
ఒక చోట ఆగాడు. "వీనికి దీర్ఘం వెట్టాలె."
అంతే. సొరుగులోంచి
ఖర్జూరాల పొట్లం తీశాడు.

ఇక దీనికి ఎవరితోనూ పనిలేదు అనుకున్నాను
తిరుగు దారిలో. కాస్త గర్వంగానే.

మార్చి మొదట్లో ఫోన్.
"మేడమ్, నెలవంక నిన్న మాపటికే కనవడ్డది.
టీవీల జెప్పిన్రు.
నీ ఫైలే ఇంక సూడలే."

ఉపవాసాల నెలలో పని ఆరు గంటలు.
ఆపైన చేస్తే ఓటీ.
నేను మూటలో బిగించిన కేలండర్‌కి
నెల రేపు పుడుతుంది.
దాని లెక్కలో తప్పులేదు,
ఆకాశం దాన్ని అడగలేదు, అంతే.
ఈలోగా మూడొందల పన్నెండు మందికి
రెండేసి గంటలు సున్నా.

మూట మళ్ళీ కట్టాను.
ఈసారి చంద్రుణ్ణి బయట ఉంచాను,
పక్కన చిన్న టెక్స్ట్ ఫైలులో, ఒకటే వరుస, ఖాళీ.
ఒక్క ఫైలే ఇస్తానన్నదాన్ని
రెండు ఇచ్చి వచ్చాను.

బాలమల్లు నోట్‌ప్యాడ్ తెరిచి
కళ్ళద్దాలు నుదుటికి నెట్టి
ఒంటి వేలితో తేదీ కొట్టాడు.
సేవ్ చేసే ముందు లేచి, తలుపు తీసి,
బయటికి పోయి పైకి చూసి వచ్చాడు.
పట్టపగలు.
ఏం కనబడింది అన్నాను.
"దుమ్ము" అన్నాడు.